పొద్దున ఎనిమిదింటి రక్తం

“కిడ్నీలే పోయుంటయ్యే అమ్మాయ్! లేకపోతే రక్తం రెండుసార్లు ఎందుకు తీస్తారు? పొద్దున ఎనిమిదింటికొకసారి, సాయంత్రం నాలుగింటికొకసారి. ఎక్కడన్నా విన్నామా?”

నరసరావుపేట ఆసుపత్రి వరండాలో కూతురి పక్కన కూర్చుని అలివేలమ్మ గుండె పట్టుకుంది.

“ఇంకా రిపోర్టే రాలేదమ్మా,” అంది అమూల్య.

“ఎడ్లపాడులో మన వీరయ్య పెదనాన్న భార్య కూడా ఇట్టాగే కళ్లు తిరుగుతున్నయ్యని ఆసుపత్రికొచ్చింది. మళ్లీ నడిచి ఇంటికి పోలా.”

“ఆమెకి ఎనభై రెండేళ్లు.”

“నీకు ముప్పై రెండేగదే! ఇంకా అన్యాయం!”

పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్న అల్లుడు శ్రీకాంత్ నవ్వు ఆపుకున్నాడు. అంతలో లోపలికి రమ్మని పిలిచారు.

డాక్టర్ తస్లీమ్ రిపోర్టులు తిరగేస్తుంటే అలివేలమ్మ ఆమె ముఖమే చూస్తోంది. డాక్టర్ కళ్లజోడు సర్దుకున్నా ఈమెకు భయమే వేసింది.

“నాలుగు నెలలుగా నెలసరి రావట్లేదు. జుట్టు ఊడుతోంది, కళ్లు తిరుగుతున్నాయి. నిద్ర లేదు. అంతేగా?”

“గడ్డేమన్నా ఉందా డాక్టరమ్మా?”

“స్కాన్‌లో గడ్డ లేదు.”

“మరి కిడ్నీలు?”

“కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి పెద్దమ్మా. వాటి పైన ఒక్కోదానికి ఒక్కో చిన్న గ్రంథి ఉంటుంది. అడ్రినల్ అంటాం. మనకి భయం వేస్తే ఒంటిని సిద్ధం చేసే హార్మోన్లు అక్కడే తయారవుతాయి. అందులో కార్టిజాల్ అని ఒకటి. అది పొద్దున ఎక్కువ ఉండి, సాయంత్రానికి తగ్గాలి. మీ అమ్మాయికి సాయంత్రం కూడా తగ్గలేదు. అందుకే రక్తం రెండుసార్లు తీయించాను.”

“అయితే ఆ గ్రంథి చెడిపోయినట్టేగా!”

“చెడిపోలేదు. దానికి సెలవు లేకుండా పోయింది. మనిషి రోజూ భయంతో బతుకుతుంటే, ముందు ప్రాణం కాపాడుకుందాం, మిగతావి తర్వాత చూద్దాం అనుకుంటుంది ఒళ్లు. నెలసరి హార్మోన్లు కూడా అప్పుడే గాడి తప్పుతాయి.” డాక్టర్ అమూల్య వైపు తిరిగింది. “దేనికమ్మా అంత భయం?”

“అదేనండీ, ఆ ఎలక్షన్ల...” అని అలివేలమ్మ అందుకోబోయింది.

“ఆమెని చెప్పనీయండి.”

అమూల్య తన గోళ్లు చూసుకుంటూ చెప్పింది. “గేటు ముందు బండి ఆగితే దడ. ఈయన ఫోన్ ఎత్తకపోతే దడ. రాత్రి కుక్క మొరిగితే లేచి తలుపు గడియ చూసుకుంటా.”

“ఊరన్నాక గొడవలు ఉంటయ్ మేడమ్,” అన్నాడు శ్రీకాంత్.

“ఏంది బాబూ ఉండేది!” అలివేలమ్మ కుర్చీలోంచి లేచింది. “పోయిన ఎలక్షన్లలో మీరు సర్పంచికి నిలబడితే ఇంటి మీద రాళ్లు పడలా? ఈ పిల్ల మంచం కింద దూరి మూడు గంటలు ఉండలా? మీరు ఓడిపోయినా ఆ పగలు పోయినయ్యా? ఇప్పుడు మీ గురజాల వైపు మళ్లీ ఎలక్షన్లంట. ఈసారి దీని గుండె ఆగిపోద్ది. నాకు తెలుసు, ఆగిపోద్ది!”

“గుండె మాట అటుంచండి,” అంది డాక్టర్. “కారణం అదే అయితే మాత్రం మందులకంటే ముందు దాన్ని ఆపాలి. ఇట్లాగే సాగితే బీపీ, షుగరు కూడా రావచ్చు.”

షుగరు అనే మాట వినగానే అలివేలమ్మ ముఖం పాలిపోయింది. కూతురి పెళ్లయిన తొమ్మిదేళ్లలో అల్లుణ్ణి ఏదీ అడిగి ఎరగని మనిషి, గబుక్కున అతని చేయి పట్టుకుని కూతురి తల మీద పెట్టింది.

“నా బిడ్డ నెత్తి మీద ఒట్టేసి చెప్పండి బాబూ. ఈసారి నిలబడనని చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా.”

విసుక్కుంటాడనుకుంది. చేయి లాక్కుంటాడనుకుంది.

“నేను నిలబడను అత్తయ్యా,” అన్నాడు శ్రీకాంత్ వెంటనే. “ఒట్టు.”

అలివేలమ్మకు తన చెవుల మీద తనకే నమ్మకం కలగలేదు. “ఇంకోసారి చెప్పండి.”

“పంచాయతీ ఎలక్షన్లో నేను నిలబడను. అమూల్య మీద ఒట్టు. చాలా?”

“చానా సంతోషం బాబూ, చానా సంతోషం!” ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని డాక్టర్‌కు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

“మంచి మాట,” అంటూ డాక్టర్ చీటీ రాయడం మొదలుపెట్టింది. “మూడు నెలలు ఎలక్షన్లు, జనం, గొడవలు ఈమె దరిదాపులకి రాకూడదు. నిద్ర ముఖ్యం. ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేద్దాం.”

అలివేలమ్మ కుర్చీలో కూలబడి హాయిగా ఊపిరి పీల్చుకుంది. కానీ ఒక దిగులు దిగగానే ఇంకోటి ఎక్కకపోతే ఆమె అలివేలమ్మే కాదు.

“మరి మీ వైపు నుంచి ఎవర్ని నిలబెడతన్నారు బాబూ? ఆ ఇంట్లో ఆడకూతురు ఎట్టా తట్టుకుంటదో, పాపం!”

శ్రీకాంత్ భార్య తల మీది నుంచి మెల్లగా చేయి తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఎవరు బాబూ?”

డాక్టర్ రాయడం ఆపి తలెత్తింది. బయట టోకెన్లు పిలుస్తున్నారు. పదకొండు అన్నారు. పన్నెండు అన్నారు. పదమూడు కూడా అన్నారు. గదిలో ముగ్గురూ శ్రీకాంత్ వైపే చూస్తున్నారు. అతను మాత్రం గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

చివరికి అమూల్యే తల వంచుకుని జవాబు చెప్పింది.

“ఈసారి మా ఊరి సర్పంచి సీటు ఆడోళ్లకొచ్చిందమ్మా. మొన్న నామినేషన్ వేసింది నేనే.”