బావ అలక

వరంగల్‌లో బండి బయల్దేరేటప్పటికి పండరి దగ్గర ఏమీ లేదు. పర్సు కొడుకు శశాంక్ తీసుకున్నాడు. చేతిగడియారం భార్య ప్రేమలత బీరువాలో పెట్టేసింది. కొట్టు తాళాలు బామ్మర్ది హరికృష్ణ జేబులో ఉన్నాయి. ముప్పై ఏళ్లు జంపఖానాల వ్యాపారం చేసినవాడు ఉత్త చేతులతో ఊరు దాటడం ఇదే మొదటిసారి.

ముందు సీటు ఎప్పుడూ పండరిదే. ఇవాళ అందులో హరికృష్ణ దర్జాగా కూర్చున్నాడు. పండరికి వెనక, సామాన్ల మధ్య చోటు దొరికింది. ఇరుకుగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. పరకాలలో ఆగి అందరూ చాయ్ తాగారు. అతనికి ఎవరూ ఇవ్వలేదు.

"తమ్ముడు లేకపోతే నేనేమైపోదునో," అంది ప్రేమలత. "బండి మాట్లాడిండు, మంథనిల అయ్యగారికి ఫోన్ చేసిండు. అన్నీ వాడే."

"ఫికర్ చెయ్యకు అక్కా. నేను లేనా?" అన్నాడు హరికృష్ణ.

గోదావరి ఒడ్డున మంథని చూడాలని ప్రేమలత పెళ్లయిన కొత్తలోనే అడిగింది. పాత గుళ్లు, చెక్కడాల తలుపుల ఇళ్లు, నది. సీజన్ పోనీ, చూద్దాం అంటూ పండరి అన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. తీరా ఆ ఊరు చూపించిన పుణ్యం కూడా బామ్మర్ది ఖాతాలోనే పడింది.

సన్నటి సందులో సాంబమూర్తి గారి పెంకుటిల్లు. ఇవాళ వీళ్లను నది దాకా తీసుకెళ్లాల్సింది ఆయనే. అరుగు మీద పరిచిన జంపఖానా చూసి అందరూ ఆగిపోయారు. ఎర్రటి నేల మీద నీలం నెమలి.

"మీ వరంగల్ సరుకే. ఎనిమిదేళ్లయింది, రంగు పోలేదు," అన్నాడాయన.

"మా తమ్ముడు గీసిన నెమలే అయ్యగారూ," అంది ప్రేమలత. "హైదరాబాద్ ఎగ్జిబిషన్‌ల ప్రైజు గూడ వచ్చింది."

హరికృష్ణ వంగి జంపఖానా అంచు సర్దాడు. కాదనలేదు.

ఆ నెమలిని గీసింది పండరి. పన్నెండు గళ్ల కాగితాలు చించి పారేశాక, పదమూడోదాని మీద కుదిరింది. ఎగ్జిబిషన్ నాటికి అతనికి జ్వరం. సరుకు తీసుకుని బామ్మర్ది వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు తన పేరు రాసిన సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. నిజం చెబితే అక్కాతమ్ముళ్లు తగువుపడతారు. ఊరుకోవడమే చవక అనుకున్నాడు పండరి. ఆ ఊరుకోవడం పదేళ్లలో ఎంత ఖరీదైపోయిందో! బజారంతా హరికృష్ణ నెమలి అంటుంది. కట్టుకున్న భార్యా అదే అంటుంది. అన్నప్పుడల్లా ఆమె కళ్లలో ఒక వెలుగు. ఆ వెలుగు తనకు రావాల్సింది.

నెమలి ఎవరిదో తేలేదాకా ఇవాళ అన్నం ముట్టనని పండరి గట్టిగా అనుకున్నాడు.

ఘాట్ దగ్గర శశాంక్ నదిలో మునిగి తడిబట్టలతో వచ్చాడు. ప్రేమలత విస్తరి పరిచి వడ్డించింది. అన్నం, గారెలు, పాయసం, పండరికి ప్రాణమైన బియ్యప్పిండి సర్వప్ప. అతను మాత్రం పాత రాతి మండపం మీద మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు.

"రా బాపూ," పిలిచాడు శశాంక్. "కొట్టు ఎవ్వలకు అమ్మను. నీ లెక్కనే నడుపుత. ఒట్టు."

పండరి కదల్లేదు.

"సర్వప్ప మాడకుండ కాల్చిన," అంది ప్రేమలత. "నా మందులు యాళ్లకు ఏసుకుంట. ఇంకేం గావాలె నీకు? పెండ్లిల గూడ గిట్లనే అలిగిండు అయ్యగారూ, పులుసుల ఉప్పు తక్కువైందని. మా నాయిన బతిలాడలేక సచ్చిండు."

గంట గడిచింది. ఎండ ముదిరింది. అందరి కడుపుల్లో ఆకలి. కానీ ఇతను ముట్టనిదే వాళ్లు ముట్టకూడదు, అది పద్ధతి. ఆ సంగతి పండరికి తెలుసు. కొనేవాడికి అవసరం ఉన్నప్పుడు ధర తగ్గించేవాడు వ్యాపారి కాడు.

సాంబమూర్తి గొంతు సవరించుకున్నాడు. "ఆయన మనసులో ఏదో ఉంది. అదేమిటో మీలో ఒకరికి తెలిసే ఉంటుంది. పైకి చెప్పండి."

హరికృష్ణ ముందుకొచ్చాడు. కాళ్లు కాలుతున్నా నిలబడి చేతులు జోడించాడు.

"బావా, నెమలి నీదే," అన్నాడు. అక్క వైపు తిరిగాడు. "అక్కా, గీసింది బావ. నేను సరుకు మోసుకపోయిన, అంతే. ఎవరు గీసిండ్రని అడిగితె నా పేరు జెప్పిన. పదేండ్ల సంది సిగ్గుతోని నోరు రాలే. రేపటి సంది బిల్లు మీద, బోర్డు మీద బావ పేరే ఉంటది."

ప్రేమలత తమ్ముడి వంక చూడలేదు. మండపం వైపే చూసింది.

"గింత మాట నాకు చెప్పకపోతివి," అంది మెల్లగా.

ఆమె కళ్లలో ఆ వెలుగు. ఈసారి మొత్తం పండరికే.

అతను లెక్క చూసుకున్నాడు. కొట్టు పోయింది, తాళాలు పోయాయి, ముందు సీటూ పోయింది. నెమలి వచ్చింది, దాంతోపాటు ఆ చూపు కూడా వచ్చింది. బేరం గిట్టింది.

పండరి నల్లటి రెక్కలు ఒకసారి విదిల్చి మండపం మీంచి కిందికి వాలాడు, తన పదో రోజుకు పెట్టిన పిండాన్ని ముక్కుతో పొడిచాడు.