పగలని గుమ్మడికాయ

సినిమా రెండో భాగం విడుదలై తొమ్మిది నెలలైంది, షూటింగ్ మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది. నటుల, కెమెరాల కాలం ఎప్పుడో పోయింది. ఎవరింటి గోడ మీద వాళ్లకు నచ్చినట్టు యంత్రమే రోజూ కొత్త సీన్లు తీసి చూపిస్తోంది. పాతకాలపు ఆచారం ఒక్కటే మిగిలింది. ఆఖరి రోజున బూడిదగుమ్మడికాయ కొట్టాలి. అది పగిలిన క్షణం యంత్రం ఆగిపోతుంది. కొట్టాల్సింది మేనేజరు కోటిలింగం. ఇప్పటికి రెండు కాయలు కుళ్లిపోయాయి, మూడోది బల్ల కింద ఉంది.

ఆ ఉదయం, ఈ సినిమాకి మూలమైన నవల రాసిన వకుళాదేవి విసురుగా ఆఫీసులోకి వచ్చింది.

"నా పుస్తకం చివర్లో హీరో సారథి చంద్రుడి మీద చచ్చిపోతాడయ్యా. ఇంకా ఎన్నాళ్లు బతికిస్తారు? కొట్టెయ్ కాయ!"

"చూసేవాళ్లు చావనివ్వట్లేదమ్మా," అన్నాడు కోటిలింగం. "మా ఇంటి సంగతే చూడండి. మధ్యాహ్నం మా ఆవిడ అన్నానికి కూర్చుంటే, మాత్ర వేసుకున్నావా పిన్నీ అని గోడలోంచి సారథి అడుగుతాడు. ఆవిడ వాడి కోసం ఓ పీట కూడా వేస్తోంది."

"అలాంటి మాట నేనెక్కడా రాయలేదే!"

"రాయలేదమ్మా. వాడే నేర్చుకున్నాడు."

వకుళాదేవి తనే వంగి కాయ ఎత్తింది. కోటిలింగం గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ చప్పుడు వినిపించలేదు. తెరిచి చూస్తే ఆమె కాయను చంకన పెట్టుకుని గుమ్మం దాటుతోంది.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి. వడియాలు పెట్టాలి," అంది వెనక్కి తిరగకుండానే. "నిన్న మా ఇంటి గోడలోంచి సారథి అడిగాడు."