మూసిన గూడు

ఇరవయ్యేళ్లు అడిగినా నా భార్య సుభాషిణికి గోడ అలమర కట్టించలేదు. సముద్రపు ఉప్పుగాలికి చెక్క నిలవదని తప్పించుకున్నాను. ఆమె పోయాక, నా పుస్తకాల కోసం కట్టించుకున్నాను.

"సార్, ఈ గూట్లో అమ్మ దీపం పెడతా ఉన్నింది గదా. అలమర పలకతో మూసేయమంటారా?" అన్నాడు వడ్రంగి చెంచయ్య.

"ఇంకెవరు పెడతారు? మూసెయ్."

నిన్న రాత్రి గాలివానకు కరెంటు పోయింది. అగ్గిపెట్టె కోసం తడుముకుంటుంటే సన్నటి వెలుగు నా చేతిమీద పడింది. అలమర వెనక పలక సందులోంచి వస్తోంది. నేను ఇల్లు చేరేదాకా ఆమె దీపాన్ని కొండెక్కనిచ్చేది కాదు.

సిగ్గుతో తల వంచుకుని, "వచ్చేశాను సుభా, ఇంక పడుకో" అన్నాను.

పలక అవతల గాజులు కదిలాయి. ఎవరో వత్తి ఎగదోసినట్టు, వెలుగు ఇంకాస్త పెరిగింది.