మందు పడని ఇల్లు

"నువ్వు లోపలికి రావద్దు."

ఆమె వాకిలికి అడ్డంగా నిలబడింది. చేతిలో చీపురు ఉంది. అది ఊడవడానికి పట్టుకున్నట్టు లేదు.

వీపుకు పురుగుల మందు పంపు తగిలించుకున్న మనిషి గుమ్మం ముందే ఆగిపోయాడు. వెనకే, కొత్తగా బదిలీ మీద వచ్చిన సూపర్‌వైజర్. వీధిలో అన్ని ఇళ్లకూ మందు కొట్టడం అయిపోయింది. ఇదొక్కటే మిగిలింది.

"గొడవ దేనికమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్. "ఇసుక ఈగ దోమలా దూరం ఎగరదు. గెంతుకుంటూ పశువుల కొట్టంలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి పక్కింట్లోకి పోతుంది. ఒక్క ఇల్లు వదిలేస్తే, అది కుట్టి వీధంతా మళ్లీ నల్లజ్వరాలే."

"ఆ మాట అతనికి చెప్పండి. పోయినసారి ఊరంతా కొట్టి, ఇక్కడికొచ్చేసరికి మందు అయిపోయింది, రేపు చూద్దాంలే అన్నాడు. అయిపోలేదు. మిగిలింది తీసుకెళ్లి ఊరి పెద్ద ఆసామి గేదెల కొట్టానికి రెండోసారి కొట్టాడు. మెప్పు కోసం. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు."

పక్కింటావిడ గోడ మీంచి అందుకుంది. "ఆసామి గేదెలు నిక్షేపంగా ఉన్నాయి. బంగారం లాంటి పిల్లే పోయింది. జ్వరం తగ్గక, పొట్ట ఉబ్బి, నల్లగా కమిలిపోయి."

సూపర్‌వైజర్ పంపు మనిషి వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే సార్."

"నీ ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"పోనివ్వండి సార్."

"పోతే నా పిల్ల తిరిగొస్తుందా?" అంది ఆమె. "మందు కొట్టాలంటే మీరు కొట్టండి. ఇతని కాలు మాత్రం ఈ గడప దాటకూడదు."

వీధిలో నలుగురు పోగయ్యారు. ఒక ముసలాయన పంపు మనిషి కాళ్ల దగ్గర ఉమ్మేసి వెళ్లిపోయాడు.

చేసేది లేక సూపర్‌వైజర్ పంపు తన భుజానికెత్తుకున్నాడు. ఆమె పక్కకు తప్పుకుని దారిచ్చింది.

"సార్," వెనక నుంచి పిలిచాడు అతను. "పడమటి గోడకి కింద, చాప చుట్టి పెట్టిన చోట పగులుంది. అక్కడ బాగా కొట్టండి."

సూపర్‌వైజర్‌కి ఒళ్లు మండింది. "పోయినసారి ఇంట్లో మందే కొట్టలేదు. పగులు సంగతి నీకెలా తెలుసు?"

అతను ఆమె వైపు చూడబోయి, చూడలేక, తల దించుకున్నాడు.

"ఆ పగులు పక్కనే సార్, నేనూ తనూ మా పాపని పడుకోబెట్టేవాళ్లం."