వాళ్ళ మనిషి

అతని భార్యను చంపింది ఎదుటి పార్టీ. అందులో వాదించడానికి ఏమీ లేదు.

రైలు స్టేషను పక్క కాలినడక వంతెన కూలినప్పుడు అధికారంలో ఉన్నది వాళ్ళు. కిందపడి చచ్చిన పద్నాలుగు మందిలో ఆమె ఒకతె.

నెల తిరక్కుండా అతను లేతు మిషను పని వదిలేసి, ఈ పార్టీ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. జీతం లేదు. కడుపుమంటే జీతం. అతను కాదంటే ఎవరూ లోపలికి పోలేరు గనక అందరూ 'గడియ' అని పిలిచేవారు.

ఆ ఆఫీసుకు ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళెవరైనా పెద్ద చందా ఇస్తే, వాళ్ళ పేరు బయటపడకుండా దాన్ని ముక్కలు చేసి కార్యకర్తల పేర్ల మీద రసీదులు రాస్తారు. కార్యదర్శి చూపించిన చోటల్లా గడియ సంతకం పెట్టేవాడు. ఎవరి సొమ్మని అడగలేదు. ఎదుటివాళ్ళను దించడానికి పనికొస్తే చాలు.

ఆ మధ్యాహ్నం బక్కపలచటి మనిషి ఒకడు మెట్లెక్కి వచ్చాడు. కళ్ళద్దాలు, చంకలో ఫైలు, చిట్లిన పెదవి.

పావుగంట కార్యదర్శితో మాట్లాడాడు. చందాలిచ్చినవాళ్ళ అసలు పేర్లు కావాలట. కార్యదర్శి టీ ఇప్పించి, నవ్వుతూ గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. ఆ మనిషి నాలుగు మెట్లు దిగాక కార్యదర్శి గడియ చెవి దగ్గరికి వంగాడు.

"వాళ్ళ మనిషి. మళ్ళీ ఇటు రాకుండా చూడు."

గడియ మెట్ల మలుపులో అతని కాలరు అందుకున్నాడు.

ఆ మనిషి బెదరలేదు. పేరేమిటని అడిగాడు. గడియ చెప్పాడు. ఆ మనిషి ఫైలు తెరిచి, ఒక జాబితాలో ఆ పేరు వెతికి వేలు పెట్టాడు.

"ఈ రెండు లక్షలు మీరిచ్చినవేనా?"

పైన నిలబడ్డ కార్యకర్తలు కిసుక్కున నవ్వారు. మన గడియ కోటీశ్వరుడురోయ్ అన్నాడొకడు.

దొంగా అన్నట్టే వినపడింది గడియకు. ఒళ్ళు మండింది.

మొదటి దెబ్బకు కళ్ళద్దాలు పగిలాయి. రెండో దెబ్బకు పన్ను ఊడింది. ఇరవై ఏళ్ళు ఇనుముతో పనిచేసిన చేతులు అవి. ఫైలు పట్టుకున్న చేతిని వెనక్కి మెలిపెట్టాడు. ఎముక పుటుక్కుమంది.

ఆ మనిషి గోడకు జారగిలబడి నవ్వాడు. నవ్వుతో పాటు నెత్తురు వచ్చింది.

"నిన్న వాళ్ళ ఆఫీసులో మీ మనిషినని కొట్టారు. ఇవాళ మీరు వాళ్ళ మనిషినని కొడుతున్నారు. ఇద్దర్నీ మేపుతున్నవాడు ఒక్కడే. ఆ వంతెన కట్టినవాడు."

గడియకు వంతెన అన్న మాట ఒక్కటే వినపడింది. వాళ్ళ మనిషి నోట ఆ మాట.

"దాని ఊసెత్తుతావురా?"

డొక్కలో తన్నాడు. ఆ మనిషి మెట్ల మీద దొర్లుకుంటూ పోయాడు. కింద ఇనుపగేటు అంచుకు తల తగిలింది. కాలు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

పోలీసులు వచ్చేసరికి కార్యదర్శి సభ్యుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఈ పేరుగలవాడు మా పార్టీలో లేడన్నాడు. ఎవడో పిచ్చోడు వచ్చి గుమ్మంలో నిలబడితే మాదా పూచీ అన్నాడు.

సాయంత్రానికి రెండు పార్టీలూ హత్యను ఖండించాయి. ఇంచుమించు ఒకే మాటలతో.

మూడో రోజు లాకప్పు దగ్గరికి బావమరిది వచ్చాడు. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. అక్క చావు మీద కోర్టుకు వెళ్దాం రమ్మన్నందుకు గడియ అతన్ని ఇంట్లోంచి గెంటేశాడు. కోర్టులు చేతకానివాళ్ళకని చెప్పి మరీ గెంటాడు.

"వాళ్ళ మనిషిని చంపాను," అన్నాడు గడియ. "మీ అక్క కోసమే. నీవల్ల కాని పని నేను చేశాను."

"సోమవారం మన కేసు ఉంది బావా. ఇంక సాక్షి లేడు."

"ఏమయ్యాడు?"

బావమరిది ఊచలు పట్టుకున్న గడియ చేతుల వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

గడియ ఊచలు వదిలేశాడు.

"ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

ఆ వంతెన నిలవదు, జనాన్ని ఎక్కనివ్వొద్దు అని మూడుసార్లు రాసి ఉద్యోగం పోగొట్టుకుని, చచ్చిన పద్నాలుగు మంది తరఫునా ఒంటరిగా తిరుగుతున్న ఇంజనీరును ఎందుకు చంపావని తర్వాత జడ్జి ఎన్నిసార్లు అడిగినా, అతను నోరు విప్పలేదు.