ఐదు కూతలు

"నల్లా వచ్చి పోయిందే! బిందెలు బోర్లిచ్చినయ్ బోర్లిచ్చినట్టే ఉన్నయ్!"

పెంటవ్వ కేక వాకిలి దాటి గల్లీలోకి పోయింది. పాలచెంబు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పాలకు వెళ్తూ, బిందె పెట్టమని కోడలికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళింది.

గోడకు ఆనుకుని కూర్చున్న ఈరవ్వ ఉలిక్కిపడి లేచింది. ఒళ్ళోని చాట జారి, చుట్టిన బీడీలు, కత్తిరించిన ఆకు, తంబాకు నేలంతా పరుచుకున్నాయి.

"దినం తప్పి దినం, అర్ధగంట వస్తది నల్లా. ఒక్క బిందె పెట్టస్తలేదా నీకు? ఈ నెలల గిది మూడోసారి."

"యాది మర్చిన అత్తా."

"నిన్న కూరల ఉప్పు మర్చినవ్. మొన్న పొయ్యి మీద పాలు మర్చినవ్. రేపు నీ బిడ్డను బడికాడ మర్చి వస్తవ్. ఆరింటి సైరన్ కొట్టలేదా? బోధన్ ఊరంత ఇన్నది. నీకొక్కదానికే చెవుడా?"

కొట్టే ఉంటుంది. ఈరవ్వ వినలేదు. నిన్నటి బీడీలు లెక్కకు తక్కువపడ్డాయని నాలుగింటికే లేచి చాట ముందేసుకుంది. చుడుతూ చుడుతూ ఎప్పుడు తల వాలిందో తెలియదు. కానీ పొద్దెక్కే వేళ కునుకు తీశానని అత్తతో ఎలా చెప్పడం? సైకిల్ తుడుస్తున్న రాజమల్లు కూడా చెయ్యి ఆపి పెళ్ళాం వైపు చూస్తున్నాడు.

"ఆ సైరన్‌తోనే నాకీ గతి," అనేసింది. "రోజుకు ఐదుసార్లు నెత్తిల మొత్తుకుంటది. దాంతోని నా తలకాయ పనిచేస్తలేదు. ఏం చేసిన్నో, ఏం మర్చిన్నో సమజైతలేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నదట! షుగర్ ఫ్యాక్టరీ సైరన్ ఊరందరికి కొడుతది. అందరి తలకాయలు మంచిగనే ఉన్నయ్." పెంటవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఇగ నాతోని కాదు రాజమల్లు. ఇయ్యాల ఏదో ఒకటి తేల్చు. దీన్ని భీమ్‌గల్ తోల్కపోయి తల్లిగారింట్ల దించు. పిల్లను నేను సాదుకుంట."

రాజమల్లు సైకిల్ ఎక్కాడు. బస్సు డిపోలో మెకానిక్ అతను, మాట తక్కువ మనిషి.

"పొద్దుమీకి బువ్వ తినేటప్పుడు చెప్త," అని వెళ్ళిపోయాడు.

ఈరవ్వ కూర్చుని బీడీలు ఏరుకుంది. తను చెప్పింది పచ్చి అబద్ధమని ఆ ఇంట్లో తనకొక్కతికే తెలుసు.

పనులు యాదికుండాలని ఇదివరకు కొంగుకు ముళ్ళు వేసి చూసింది. సాయంత్రానికి ఐదు ముళ్ళు మిగిలేవి, ఏది దేనికో తెలిసేది కాదు. గోడ గడియారం చూసి వెనక్కి తిరిగేలోపు ఇంకేదో కంటబడేది. చీపురు పట్టుకుని వాకిట్లోకి వెళ్తే ఎండిన బట్టలు కనబడేవి, బట్టలు తెస్తుంటే మూత పెట్టని కుండ కనబడేది, చివరికి వాకిలి ఊడ్వకుండానే ఉండేది. గడియారం నోరు మూసుకుని వేలాడుతుంది. సైరన్ అలా కాదు, పిలుస్తుంది. ఆరుకు నల్లా. ఎనిమిదికి బిడ్డ బడి. పన్నెండుకు బియ్యం. రెండుకు ఆకు తడపడం. ఐదుకు బీడీల కార్ఖానా. కూతకూ కూతకూ మధ్య ఎంత చిక్కుపడినా, కూత వినగానే చేతిలోది అక్కడే పడేసి లేచేది. ఫ్యాక్టరీ తన కూలీలను పిలుచుకుంటుంటే వెనక గల్లీలో ఒక కోడలు దాన్ని పట్టుకుని సంసారం ఈదుతోందని ఎవరికి చెప్పినా నవ్వుతారు.

ఆ రోజు ఆరింటిది తప్ప ఇంకొక్క కూతా పోనివ్వలేదు. పన్నెండుకు సగం ఊడ్చిన వాకిలి వదిలేసి బియ్యం కడిగింది. రెండుకు సబ్బులో బట్టలు వదిలేసి ఆకు తడిపింది. ఐదుకు బీడీలు అప్పజెప్పి తిరిగి వస్తే బట్టలు సబ్బులోనే నానుతున్నాయి, వాకిట్లో చెత్త కుప్ప మళ్ళీ చెదిరిపోయింది. ఒళ్ళు తూలుతోంది. అత్త అన్నదాంట్లో తప్పేముంది అనిపించింది.

ట్రంకుపెట్టె తీసి రెండు చీరలు పెట్టుకుంది. వాటి మీద బిడ్డ గౌను పెట్టింది. కాసేపటికి గౌను తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

రాత్రి బువ్వ దగ్గర రాజమల్లు నాలుగు ముద్దలు తిన్నాడు.

"ఏం తేల్చినవ్ మరి?" అంది పెంటవ్వ.

"భీమ్‌గల్ లేదు, ఏం లేదు. పెండ్లయి తొమ్మిదేండ్లాయె. తలకాయ పనిచేస్తలేదని ఒక మనిషి నోరు తెరిచి చెప్పింది గదనే అవ్వా. మనం ఎన్నడన్న అడిగినమా?"

ఈరవ్వ కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సగంపూట సెలవు పెట్టి ఎడపల్లి పోయిన. మా డిపోల ఆత్మారాం ఇల్లు ఆడ ఖాళీగున్నది, కిరాయికి మాటిచ్చి వచ్చిన. ఐతారం సామాను కడదాం. వాకిట్లనే బోరు, బిడ్డకు ఎదురుంగనే బడి."

"ఆడికెల్లి డిపోకు రోజు ఎట్లొస్తవ్ రా?"

"సైకిల్ తొక్కుత. కాళ్ళు అరుగుతయా?"

ఈరవ్వ కళ్ళు నిండాయి. తొమ్మిదేళ్ళలో తన మాట ఒకటి ఆ ఇంట్లో నిజంగా నిలబడింది. బిడ్డను దగ్గరకు లాక్కుంది.

రాజమల్లు ఆమె వైపు చూసి, చాలా రోజులకు నవ్వాడు.

"రెండు దాటేదాక ఆ వాకిట్లనే నిలవడి చూసిన ఈరవ్వా. ఒక్క కూత ఇనవస్తె ఒట్టు!"