ఆరని గోడ

“ఫోను కొంచెం కిందికి దించు తల్లీ. గోడ అడుగు కనపడాల.”

హమీదా బీ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఫోనును కళ్లకు మరీ దగ్గరగా పట్టుకుంది. తెర మీద గోడ కనిపించింది. మోకాటి ఎత్తు వరకూ తడి. నల్లగా, నిన్ననే వరద నీళ్లు తీసినట్టు.

“ఇంకా ఆరలేదా?”

“లేదమ్మా,” అంది కూతురు తస్లీమ్.

ప్రతి శుక్రవారం ఇదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె మామా అని పిలిచే యజమానురాలు, పిల్లలు నిద్రపోతారు. కువైట్‌లో, అహ్మదిలోని ఆ పెద్ద ఇంట్లో పనిమనిషికి దొరికేది ఆ కాసేపే. హమీదా బీ కడప జిల్లాలోని తన ఊరికి, కూతురికి ఫోను చేస్తుంది. కూతురు మొదటిసారి ఎప్పుడూ ఎత్తదు. “ఉండమ్మా, నేనే చేస్తా” అని రాసి పంపుతుంది. ఆ ఫోను వచ్చేలోపు తల్లి ప్రాణం సగమవుతుంది. తడి గోడ కదా, కరెంటు కొట్టిందేమో. బురదలో పాము దూరిందేమో. కప్పు కూలి కూతురి పాప మీద పడిందేమో.

ఊళ్లోని ఆ ఇల్లు ఆమె కువైట్ వచ్చాక కట్టించినది. పునాది తీయడం, కప్పు వేయడం, రంగులు కొట్టడం, అన్నీ ఫోనులోనే చూసింది. ఇంట్లో చేరిన రోజు చదివిన ఫాతిహా ప్రార్థన కూడా ఫోనులోనే విన్నది. ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు. ఒప్పందం ముగియగానే వెళ్లిపోయి, ఒక్క రాత్రయినా తన గోడకు ఆనుకుని నిద్రపోవాలని ఆశ.

చలికాలం మొదట్లో ఏరు పొంగి ఊరి మీద పడింది. “మనుషులం బాగుండాం. ఇల్లు మునిగింది గానీ నిలబడిందమ్మా” అని తస్లీమ్ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇల్లు నిలబడ్డాక అంత ఏడుపెందుకే పిచ్చిదానా అని హమీదా బీ ఇక్కణ్ణుంచి ఓదార్చింది.

ఆ రోజు నుంచి ఇల్లు ఆరబెట్టే పని ఆమే నడిపిస్తోంది. పెచ్చు గీకించమంది. తలుపులు ఊడదీసి నీడలో పడుకోబెట్టి, వంగిపోకుండా మీద బండలు పెట్టమంది. గదిలో కుంపటి పెట్టమంది. మళ్లీ అంతలోనే భయపడి, తలుపు మూసి పెట్టొద్దు, పొగకు చస్తారంది.

“సున్నం కొట్టినారా?”

“కొట్టినామమ్మా. నిలవలే.”

“లోపలి గది చూపీ.”

“నేల బండలు పీకినారు. కాలు పెట్టేదానికి లేదు.”

“పాప ఒళ్లంతా ఆ ఇసుకేంది?”

“ఆడుకుంటాండాది.”

“ఆ గోడ పక్కన పండుకోబెట్టొద్దు. చెమ్మకు రొంప పడతాది బిడ్డకు. నా మాట ఎప్పుడిన్నావు గనక!”

“వింటాండా కదమ్మా,” అంది తస్లీమ్.

ఎండాకాలం వచ్చింది. కువైట్‌లో మిద్దె మీద దుప్పటి ఆరేసి వెనక్కి తిరిగేలోపు అప్పడమైపోతోంది. ఈ ఎండను ఒక్క పూట ఊరికి పంపగలిగితే ఎంత బాగుండునని హమీదా బీ అనుకోని రోజు లేదు. అక్కడా ఎండలు మండుతున్నాయని కూతురే చెప్పింది. గోడ మాత్రం తడిగానే ఉంది.

ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు లాల్ బాషాది రాయచోటి. వంటింటి గడప దగ్గర టీ తాగుతూ అన్నాడు.

“ఏమక్కా, గోడ కట్టించినావా, బావి తవ్వించినావా?”

“నవ్వుకో నాయనా. నీ ఇల్లు కాదు గదా.”

“నవ్వులాట గాదక్కా. ఇంత ఎండకు ఆరలేదంటే నీళ్లు కిందనుంచి ఊరతాండాయి. పునాదే పొయ్యింటాది. ఆ గోడ కొట్టేసి మళ్లా కట్టాల్సిందే.”

హమీదా బీ భయపడిందే నిజమైంది. ఆ వారమంతా కళ్లు మూస్తే చాలు, కప్పు దిగబడి కూతురు, మనవరాలు కింద కనిపించారు.

గురువారం మామా పిలిచింది. ఇక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, ఇఖామా, కొత్తది చేయించే రోజులు దగ్గరపడ్డాయి.

“హమీదా, ఇఖామా సంగతి చెప్పు. ఉంటావా, ఖలాసా?”

చలికాలం నుంచి ఆమె చెబుతున్నది ఒక్కటే మాట. గోడ ఆరగానే ఖలాస్ మామా, వెళ్లిపోతా. ఈసారి మాత్రం రేపు చెబుతానంది.

శుక్రవారం గోడ ఇంకా నల్లగా కనిపించింది. ఒక చోట నీటి చార మెల్లగా కిందికి దిగుతోంది. హమీదా బీ ఆ చారనే చూస్తూ ఉండిపోయింది.

“తస్లీమూ, నేను ఇప్పుడు రాలేనే.”

ఆమె ఫోనును నోటికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది.

“పునాది పొయ్యిందంట. లాల్ బాషా చెప్పినాడు. మళ్లా కట్టాలంటే నేను ఇంకా ఉండాల. మోకాళ్ల నొప్పులు ఉంటే ఉంటాయి, ఓర్చుకుంటా. మీరు మాత్రం ఆ గదిలోకి పోవద్దు. ఇనపడతాందా? ఏడుస్తాండావా?”

“లేదమ్మా.”

“నాకు తెలుసు. నేను వస్తానని ఎదురు చూసింటావు.”

“నువ్వు ఆడే ఉండమ్మా,” అంది తస్లీమ్. “గోడ ఆరినాంక నేనే చెప్తా.”

హమీదా బీ కళ్లు తుడుచుకుని, మామా నిద్ర లేచాక ఆమె దగ్గరికి వెళ్లి, ఇక్కడే ఉంటానని చెప్పింది.

అక్కడ ఊళ్లో తస్లీమ్, ఫోను చేసేముందు ఊళ్లో నిలిచిన వేరేవాళ్ల ఇంటి గోడ మీద నీళ్లు చల్లిన చెంబును ఆ ఇంటావిడకే తిరిగిచ్చేసి, పాపను చంకనెత్తుకుని, ఏరు తమ ఇంటిని పునాదితో సహా పెళ్లగించుకుపోయిన చోట, ఇసుకలో వేసుకున్న గుడారం వైపు నడిచింది.